కాగితం ఇటుక ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

(మండల రైతు సంఘం సర్వసభ్య సమావేశంలో, ఇటుకలు చేసి చూసిన బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్లలో పాత చాటలు చూసినవాళ్లు చాలామంది ఇక్కడున్నారు. చాటకు సందులు పడితే మన అవ్వలు కొత్త చాట కొనేవాళ్లు కాదు. చిత్తుకాగితాలు రెండు మూడు రోజులు నానబెట్టి, మెంతులు రుబ్బి కలిపి, రోట్లో దంచి, ఆ గుజ్జు చాటకు పూసి ఎండబెట్టేవాళ్లు. కుండ బోర్లించి దాని మీద అదే గుజ్జు అద్ది గంపలు కూడా చేసేవాళ్లు. ఆ గంపలో పప్పులు పోసుకునేవాళ్లు, బియ్యం పోసుకునేవాళ్లు. నీళ్లు మాత్రం పోసేవాళ్లు కాదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. ఇవాళ మేము చెప్పబోయేదంతా దాని చుట్టే తిరుగుతుంది.

కాగితం పని మన ప్రాంతానికి కొత్తది కూడా కాదు. పాలమూరు కోయిలకొండలో నిజాం కాలంలో చేతి కాగితం తయారయ్యేది. కాగితం గుజ్జులో సిమెంటు కలిపి ఇటుక పోయడం మాత్రం బయటి నుంచి వచ్చిన ఆలోచన. అమెరికాలో 1928లోనే దీనికి పేటెంటు తీసుకున్నారు. తర్వాత మూలన పడింది. 1980ల నుంచి అక్కడి ఎండ ప్రాంతాల్లో, వానలు తక్కువ పడే చోట్ల, సొంతంగా ఇళ్లు కట్టుకునేవాళ్లు మళ్లీ పట్టుకున్నారు. దీన్ని పేపర్‌క్రీట్ అంటారు. మనం కాగితం ఇటుక అనే అందాం.

మేము దీని జోలికి ఎందుకు పోయామో ముందు చెప్పాలి. సంఘం పని గిట్టుబాటు ధర, కరెంటు, నీళ్లు, అప్పులు కదా, ఇటుకల పని మీకెందుకని చాలామంది అడిగారు. మాకు కారణం రెండు వైపుల నుంచి వచ్చింది.

ఒకటి, ఇల్లు. 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది. 2025 జనవరి 26న మన పాలమూరు పక్కనే కోస్గి మండలం చంద్రవంచలో మరో మూడు పథకాలతో కలిపి దీన్నీ ప్రారంభించారు. ఇంటికి 5 లక్షలు. బేస్‌మెంటుకు లక్ష, గోడలు పైకప్పు దాకా లేస్తే లక్షా 25 వేలు, స్లాబు పడ్డాక లక్షా 75 వేలు, పని పూర్తయ్యాక లక్ష. పని ముందు జరగాలి, డబ్బు తర్వాత వస్తుంది. చేతిలో డబ్బు లేనివాడు బేస్‌మెంటు దగ్గరే ఆగిపోతాడు. ఇటుక, ఇసుక, కంకర, మేస్త్రీ కూలి అన్నీ ముందే పెట్టాలి. కాబట్టి గోడ ఖర్చు ఎక్కడ తగ్గుతుందా అని వెతకడం మొదలైంది.

రెండోది, మన్ను. ఇది అసలు రైతు విషయం. ఒక చిన్న లెక్క వేద్దాం. తొమ్మిది అంగుళాల పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల మందం ఉన్న ఎర్ర ఇటుకలు పది వేలంటే 625 ఘనపుటడుగుల మట్టి. ఒక గుంట నేల 1,089 చదరపు అడుగులు. అంటే పది వేల ఇటుకలకు ఒక గుంట నేలలో దాదాపు ఏడు అంగుళాల మన్ను పోతుంది. ఏడు అంగుళాలంటే ఏమిటి? నాగలి తిరిగే మన్ను. పశువుల ఎరువు తోలి, చెరువు మట్టి తోలి మన తాతల నాటి నుంచి సాదుకున్న మన్ను. మన చెల్క నేలల్లో దాని కింద ఉండేది మొరమే. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువు పూడిక మట్టి ట్రాక్టర్ల మీద పొలాలకు తోలుకున్నాం. ఒక చేత్తో మన్ను తెచ్చి పోసుకుంటూ, ఇంకో చేత్తో అప్పు తీర్చడానికి పైమన్ను ఇటుక బట్టీకి అమ్ముకుంటున్నాం. బట్టీవాడు ఇచ్చే డబ్బు ఒక్క ఏడాదికి. ఆ గుంటలో పంట తగ్గేది ఎన్నో ఏళ్లకు.

ఈ రెండు కారణాలతో ఏడుగురం కలిసి పనిలోకి దిగాం. ఎట్లా చేశామో చెబుతాం. ఎవరైనా చేసి చూడాలనుకుంటే పనికొస్తుంది.

కాగితం బడి నుంచి, కిరాణా దుకాణాల నుంచి, సంఘం ఆఫీసు బీరువా నుంచి తెచ్చాం. ఆఫీసు బీరువాలో ఏళ్ల తరబడి అధికారులకు ఇచ్చిన వినతిపత్రాల నకళ్లు కట్టలు కట్టలుగా ఉన్నాయి. అవి ఇటుకలై మేకల కొట్టం కట్టేదాకా వచ్చాయంటే, ఏదో ఒక రూపంలో పని జరిగినట్టే. నున్నగా మెరిసే రంగుల కాగితం సరిగ్గా నానదు, అది పక్కన పెట్టాలి. పిన్నులు, ప్లాస్టిక్ ఏరేయాలి.

కాగితం చింపి రెండు మూడు రోజులు నీళ్లలో నానబెట్టాలి. 200 లీటర్ల డ్రమ్ములో దాదాపు 150 లీటర్ల నీళ్లు, 8 కిలోల ఎండు కాగితం. మొదట కాళ్లతో తొక్కి చూశాం, ముక్కలు ముక్కలుగానే ఉంది. తర్వాత ఒక ఇనుప కడ్డీకి చివర రెండు రెక్కలు వెల్డింగ్ చేయించి, చిన్న మోటారుతో కవ్వంలా తిప్పాం. అప్పుడు సంకటిలాంటి గుజ్జు అయింది. అందులో పావు బస్తా సిమెంటు, 8 కిలోల సన్నటి ఇసుక వేసి మళ్లీ తిప్పాలి. అంటే ఒక బస్తా సిమెంటుకు నాలుగు డ్రమ్ములు, 32 కిలోల కాగితం. సిమెంటు కలిపాక చేతులు పెడితే చర్మం కాలుతుంది, గ్లౌజులు వేసుకోవాలి. అడుగు లేని చెక్క అచ్చులు పన్నెండు అంగుళాల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల ఎత్తుతో చేయించాం. అచ్చును జాలీ మీద పెట్టి పోస్తే నీళ్లు కిందికి ఓడిపోతాయి. ఆ నీళ్లను పట్టి మళ్లీ డ్రమ్ములోకే వాడుకోండి. అందులో సిమెంటు ఉంటుంది, చేనులోకి గానీ పశువుల తొట్టిలోకి గానీ పోనివ్వొద్దు.

రెండు రోజులు నీడలో ఉంచి, తర్వాత నిలబెట్టి, తిప్పుతూ ఎండబెట్టాలి. ఎండాకాలంలోనే మాకు నాలుగు వారాలు పట్టింది. ఆరు అంగుళాల ఎత్తు పోసినది ఎండేసరికి ఐదు అంగుళాలకు దిగింది. ఎండిన ఇటుక నాలుగు కిలోలు తూగింది. అంత సైజు ఎర్ర ఇటుక పని అయితే దాదాపు మూడింతలు బరువుంటుంది. రంపంతో కోస్తే తెగింది, మేకు కొడితే దిగింది. రేకుల కింద మధ్యాహ్నం ఎండకు గోడ మీద చెయ్యి పెడితే లోపలి వైపు చల్లగానే ఉంది. కాగితంలో గాలి సందులుంటాయి, వేడి తొందరగా దాటదు. అందరం సంబరపడ్డాం.

ఆ సంబరంలోనే తప్పు చేశాం. తర్వాత జరిగిన గ్రామసభలో ఇటుకను నెత్తిన పెట్టుకుని చూపించాం. "ఇల్లు కట్టుకోవచ్చు, బట్టీవాడి దగ్గరికి పోనక్కర్లేదు" అన్నాం. అప్పటికి ఆ ఇటుక ఒక్క వానాకాలం కూడా చూడలేదు. ఏ పరీక్షకూ పంపలేదు.

వానాకాలం వచ్చింది. మేకల కొట్టానికి పెట్టిన గోడను మేము నేల మీది నుంచే లేపాం. పైన గిలాబు వేయలేదు. మూడు రోజుల ముసురుకు కింది వరస నీళ్లు పీల్చి ఉబ్బింది. పక్కనున్న వరసల్లోకి తేమ ఎక్కింది, నల్లటి బూజు పట్టింది. ఒక మూల నుంచి గోడ బయటికి ఒరిగి, తెల్లారేసరికి కూలింది. మేకలు వేరే వైపు ఉండడం వల్ల ప్రాణనష్టం జరగలేదు. ఒక పెద్దాయన వచ్చి చూసి, "గిది ఇటుక కాదురా, నానబెట్టిన బొరుగుల ముద్ద" అన్నాడు. ఎదురు చెప్పడానికి మా దగ్గర మాట లేదు.

ఆ మాటతో పోయేదైతే బాగుండేది. మా మాట నమ్మి ఒక చెల్లె అప్పటికే రెండు వందల ఇటుకలు పోసింది. కౌలు సేద్యం చేస్తుంది, ఇంట్లో ఆమె, ఇద్దరు పిల్లలు. ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది, బేస్‌మెంటు బిల్లు లక్ష వచ్చింది. పిల్లలు బడి నుంచి వచ్చాక కాగితం చింపేవాళ్లు. గోడలన్నీ ఈ ఇటుకతోనే లేపి, పైన స్లాబు వేయాలని ఆమె లెక్క. గోడ కూలిన మరుసటి రోజు పోయి వద్దని చెప్పాం. ఆమె అన్న మాట ఇప్పటికీ మా చెవుల్లోనే ఉంది. "అన్నా, మీరే చేసి సూపిస్తిరి. ఇప్పుడు మీరే వద్దంటిరి. మరి నా గోడ ఎట్ల లేవాలె?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే సంఘం మాటకు ఊళ్లో విలువ ఉండదు. అందుకని ఈసారి తెలిసినవాళ్లను అడిగి, లెక్కలు వేసుకుని, ఆ తర్వాతే మాట్లాడాం. ఆ లెక్కలు మీరూ వినండి.

మొదటిది, బరువు. నాలుగు వందల చదరపు అడుగుల ఇంటికి నాలుగు అంగుళాల స్లాబు వేస్తే, స్లాబు బరువే తొమ్మిది టన్నులు దాటుతుంది. దాని మీద నీళ్ల ట్యాంకు, మనుషులు, ఎండబెట్టిన ధాన్యం అదనం. మామూలు ఎర్ర ఇటుకకు భారత ప్రమాణం ప్రకారం కనీస బలం చదరపు మిల్లీమీటరుకు 3.5 న్యూటన్లు. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 35 కిలోలు మోయాలి. కాగితం ఇటుక సాధారణంగా ఆ బలాన్ని అందుకోదు. బరువు పడితే పగలదు, అణిగిపోతుంది. అణిగే గోడ మీద స్లాబు నిలవదు.

రెండోది, నీళ్లు. ఎర్ర ఇటుకను ఒక రోజు నీళ్లలో ముంచితే దాని బరువులో ఐదో వంతుకు మించి నీళ్లు పీల్చకూడదని ప్రమాణం. అంటే మూడు కిలోల ఇటుక 600 గ్రాములు మించకూడదు. మా నాలుగు కిలోల కాగితం ఇటుకను రాత్రంతా ముంచి తూచితే ఏడు కిలోలు దాటింది. ఈ పరీక్షకు ల్యాబు అక్కర్లేదు. ఒక తొట్టి, ఒక తరాజు చాలు. ఏ ఇటుక కొన్నా, ఏ ఇటుక పోసినా ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. నీళ్లు పీల్చిన గోడ ఏమవుతుందో మన దక్షిణ పాలమూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, కృష్ణ పొంగినప్పుడు అలంపురం, రాజోలి వైపు మట్టి గోడల ఇళ్లు ఎట్లా నాని కూలాయో కళ్లారా చూసినవాళ్లు మనలో ఉన్నారు.

మూడోది, నిప్పు. సిమెంటు ఉంది కాబట్టి భగ్గున మండదు. కానీ నిప్పు అంటుకుంటే లోలోపల మంట లేకుండా రాజుకుంటూ పోవచ్చు. పొయ్యి గోడకు, కరెంటు మీటరు గోడకు వాడొద్దు.

నాలుగోది, ఖర్చు. దీని మీద చాలా భ్రమలున్నాయి. మా లెక్క ఇది. సిమెంటు బస్తా 340 రూపాయలు, పాత కాగితం కిలో 12 చొప్పున 384, ఇసుకకు 40. మొత్తం 764. బస్తాకు 30 ఇటుకలు వచ్చాయి, ఒక్కోటి 25 రూపాయల పైచిలుకు. ఒక కాగితం ఇటుక దాదాపు నాలుగున్నర ఎర్ర ఇటుకలంత ఉంటుంది. ఎర్ర ఇటుక 9 రూపాయలు అనుకుంటే 40 రూపాయలు. ఇక్కడికి లాభమే. కానీ ఆ 30 ఇటుకలకు ఇద్దరు మనుషులు ఒక రోజు పనిచేయాలి. రోజుకు 500 చొప్పున కూలి వేస్తే ఇటుకకు 33 రూపాయలు కలుస్తుంది, మొత్తం 58 దాటుతుంది. అప్పుడు ఎర్ర ఇటుకే చవక. కాగితం ఉచితంగా దొరికి, చేనులో పని లేని రోజుల్లో సొంత చేతులతో చేస్తే మాత్రం ఇటుక 13 రూపాయల లోపే పడుతుంది. కొని, కూలి పెట్టి చేయించే వ్యాపారానికి ఇది పనికిరాదు. ఎవరైనా వచ్చి మిషన్ కొనమంటే ఈ లెక్క ముందు పెట్టి అడగండి.

మరి పనికిరాదా అంటే, తన చోట అది బాగా పనికొస్తుంది. బరువు మోయని చోట, నీళ్లు తగలని చోట వాడాలి. ఇంటి లోపలి అడ్డుగోడలు. పిల్లర్ల మీద రేకులు నిలిచిన కొట్టంలో, నేల నుంచి రెండడుగుల దాకా రాయి గానీ సిమెంటు దిమ్మె గానీ కట్టి, ఆ పైన. కోళ్ల గూడుకు, మోటారు కొట్టానికి, రేకుల గదిలో ఎండ కొట్టే పడమటి గోడకు లోపలి వైపు పొరగా. ఎక్కడ పెట్టినా రెండు వైపులా సిమెంటు గిలాబు వేయాలి, చూరు ఒకటిన్నర రెండడుగులు బయటికి ఉండాలి. పూర్తిగా ఎండని ఇటుకతో గోడ కట్టొద్దు, తర్వాత అది కుంచించుకుపోయి గిలాబు పగులుతుంది. స్నానాల గదికి, పిట్టగోడకు, పునాదికి దీన్ని తేవొద్దు.

ఆ చెల్లె ఇంటి సంగతి చెప్పి ముగించాలి. బయటి గోడలకు సిమెంటు దిమ్మెలు తెప్పించాం. గోడ బిల్లు వచ్చేదాకా ఆగే షరతు మీద దుకాణం దగ్గర సంఘం సభ్యులు ఇద్దరు జామీను ఉన్నారు. ఆమె పోసిన రెండు వందల ఇటుకలు వృథా కాలేదు. ఇంజనీరును అడిగి లోపలి అడ్డుగోడకు వాడాం. కింద ఒక వరస ఎర్ర ఇటుక పెట్టి, పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తు గోడకు అవి సరిపోయాయి. బిల్లు వచ్చింది, అప్పు తీరింది. పిల్లలు ఆ గోడను "మా నోట్‌బుక్కుల గోడ" అంటారు.

ఇక సంఘంగా మనం చేయాల్సింది. కాగితంతో ఊరి ఇళ్లన్నీ లేవవు. అంత కాగితం ఏ ఊళ్లోనూ ఉండదు. పైమన్ను కాపాడాలంటే ఇంకో దారి కావాలి. ఆ దారి మన రాష్ట్రంలోనే ఉంది. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం వచ్చింది. బొగ్గు కాలితే బూడిద వస్తుంది. ఆ బూడిదతో ఇటుకలు చేయవచ్చు, వాటికి భారత ప్రమాణాలు ఉన్నాయి. థర్మల్ కేంద్రాల బూడిదను ఇటుకలకు వాడాలని కేంద్రం 1999 నుంచే నోటిఫికేషన్లు ఇస్తోంది. దుమ్ము, పొగ మన ఊళ్లకు, బూడిద లాభం ఇంకొకరికి పోవడం న్యాయం కాదు. సిమెంటూ అంతే. వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు సున్నపురాయి మనది. 2012లో సిమెంటు కంపెనీలు కుమ్మక్కై ధరలు పెంచాయని కాంపిటీషన్ కమిషన్ 11 కంపెనీలకు 6 వేల కోట్లకు పైగా జరిమానా వేసింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఆ తగ్గింపు మన బస్తా ధరలో కనిపించిందా లేదా అని బిల్లులు పట్టుకుని అడగాల్సింది మనమే.

కాబట్టి మా బృందం తరఫున నాలుగు ప్రతిపాదనలు. ఒకటి, థర్మల్ బూడిదను ఊరి సహకార సంఘాలకు, మహిళా సంఘాలకు ఇటుకల కోసం ఉచితంగా ఇవ్వాలని, రవాణా భారం కేంద్రమే మోయాలని అడుగుదాం. రెండు, ఇందిరమ్మ ఇంటి గోడల బిల్లులో కొంత సామగ్రి రూపంలో ముందుగా ఇవ్వాలని అడుగుదాం. మూడు, ఊళ్లో చేసిన ఏ ఇటుకనైనా తక్కువ రుసుముతో బలం పరీక్ష చేసే ఏర్పాటు ప్రతి నియోజకవర్గంలో ఉండాలి. నాలుగు, మన మేస్త్రీలను, యువకులను రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ రూరల్ టెక్నాలజీ పార్కుకు తీసుకుపోదాం. అక్కడ మట్టి దిమ్మెలతో కట్టిన నమూనా ఇళ్లున్నాయి. తాకి చూడొచ్చు, అడిగి తెలుసుకోవచ్చు.

ఇంకొక మాట మనలో మనకు. ఈ ఏడాది ఎవరూ పైమన్ను బట్టీకి అమ్మొద్దు. అప్పు ఒత్తిడి ఉంటే ముందు సంఘానికి చెప్పండి. కలిసి దారి వెతుకుదాం.

మేము చేసిన తప్పు కూడా ఈ సభలోనే ఒప్పుకుంటున్నాం. విత్తనమైనా, మందైనా, ఇటుకైనా ఒక వానాకాలం చూడకుండా పదిమందికి చెప్పకూడదు. కంపెనీలను మనం అడిగేది అదే కదా, మన మీద కూడా అదే నియమం పెట్టుకోవాలి. అవ్వ చేసిన కాగితం గంపలో బియ్యం ఏళ్ల తరబడి నిలిచేవి. అందులో ఏది పోయాలో, ఏది పోయకూడదో ఆమెకు తెలుసు కాబట్టి.

మిగిలిన ఇటుకలు ఆరు బయట పెట్టాం. పక్కనే నీళ్ల తొట్టి, తరాజు ఉన్నాయి. పోయేముందు ఎత్తి చూడండి, ముంచి చూడండి, అనుమానం ఉంటే ఇక్కడే అడగండి.

సెలవు.